మాసీమా నేర్చుకున్న ఒక్క తెలుగు మాట

దయ్యాల కథలు మొదలెడితే ఆవలింతలు వచ్చే మనిషిని నేను. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. అక్కడ ఎవరికి ఏం కనబడినా నాకెప్పుడూ ఏమీ కనబడలేదు. ఈ ఒక్క సంగతికే నా దగ్గర జవాబు లేదు.

మా ఆయన పోయాక అదే ఊళ్లో తాల్‌బగీచా పేటలో ఒక బెంగాలీ పెద్దావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. ఆవిడను మాసీమా అనేదాన్ని, అంటే పిన్ని. కాగితం రాసుకుందామంటే ఆవిడకు కోపం వచ్చింది. "నా నోటి మాట చాలదా?" అంది. పదకొండేళ్లు ఆ మాట మీదే ఉన్నాను.

మాసీమాకు తెలుగు నేర్చుకోవాలని సరదా. మా ఇళ్లల్లో 'ఎల్లొద్దు' అంటాం. నేనేమో గొప్పకు పోయి పుస్తకాల తెలుగు నేర్పాను, 'వెళ్లొద్దు' అని. బెంగాలీ నోట్లో 'వ' కాస్తా 'బ' అయిపోతుంది కదా! ఆవిడ 'బెల్లొద్దు' అనేది.

"బెల్లం వద్దా మాసీమా? పంచదార తెమ్మంటావేటి?" అని ఏడిపించేదాన్ని.

నేను ఊరికి బయలుదేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి మూడుసార్లు 'బెల్లొద్దు' అనేది. మూడోసారి నాలిక కరుచుకుని నవ్వేది.

కిందటేడు మాసీమా పోయింది. నెల తిరక్కుండానే ఆవిడ మేనల్లుడు కలకత్తా నుంచి దిగాడు. కాగితం లేదు కాబట్టి హక్కూ లేదు, వారంలో ఖాళీ చెయ్యమన్నాడు. ఈ వీధి దాటితే నాకు జాకెట్లు కుట్టమని ఎవరిస్తారు?

ఎదురింటి పార్వతక్క ఊరుకోలేదు. "కాగితం నేకపోతే నువ్వు అద్దెకున్నట్టు కాదేటి? ఈదిలో అందరం సూసినాం కదా! నడు వకీలు దగ్గరికి" అని లాక్కెళ్లింది.

నోటి మాట మీద ఇచ్చిన అద్దె కూడా అద్దేనని వకీలమ్మ చెప్పింది. రాసి నోటీసు ఇవ్వాలట. కోర్టు చెప్పకుండా తాళం వేసి గెంటెయ్యడానికి లేదట. ఇరుగుపొరుగు సాక్ష్యం కూడా పనికొస్తుందట. ఆ పూట నాకు అన్నం సయించింది.

వారం తిరిగిన రోజు పొద్దున్న తొమ్మిదింటికి అతను తాళం పట్టుకుని వచ్చాడు. నేను మిషన్ ముందు నుంచి లేవలేదు. పార్వతక్క నా పక్కనే ఉంది. అతను వీధి వైపు వేలు చూపించి నోరు తెరిచాడు.

"బెల్లొద్దు" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అని నాలిక కరుచుకున్నాడు.

గొంతు అతనిదే. కానీ అతనికి తెలుగు ముక్క రాదు. ఈ పదకొండేళ్లలో మాసీమాను చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు.

"అమ్మ బాబోయ్!" అని పార్వతక్క నా భుజం పట్టేసుకుంది.

అతను తెల్లబోయాడు. "దీదీ, వెళ్లిపో అనబోయాను. ఏమన్నాను నేను?" అని బెంగాలీలో అడిగాడు. అర్థం చెప్పాను, అది మాసీమా మాటని కూడా చెప్పాను. గుమ్మంలోనే కూలబడిపోయాడు. మంచినీళ్లు ఇచ్చాను.

తర్వాతి వారం అతనే స్టాంపు కాగితం తెచ్చాడు. వకీలమ్మ అద్దె ఒప్పందం రాసింది, ఇద్దరం సంతకాలు పెట్టాం. చట్టం నా వైపే ఉంది, పోట్లాడితే ఎలాగూ నిలబడేదాన్నేమో. కానీ మాసీమా తప్పుగా పలికే మాట అతని నోట్లోకి ఎలా వచ్చింది?

మొన్న శ్రీకాకుళంలో పెళ్లికి బయలుదేరాను. తాళం వేసి గుమ్మంలో కాసేపు ఆగాను. ఏమీ వినబడలేదు.

"వచ్చేస్తాన్లే మాసీమా, బెల్లం తెస్తాను" అని నేనే చెప్పి వెళ్లాను.