మిసర్‌లో పొద్దు గుంకేదాకా

టాంగా చాచా పోయాడు. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టానో లేదో, పక్కింటి నుంచి కబురు వచ్చింది. రంజాన్ నెల, రోజాల ఉపవాసాలు నడుస్తున్నాయి. యుద్ధానికి పోయిన ఆయన ఒక్కగానొక్క కొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు.

గద్వాల స్టేషనుకు ఆయన గుర్రపు టాంగా ఎక్కనివాళ్లు తక్కువ. నా భార్య నొప్పులు పడుతుంటే జడివానలో దవాఖానకు చేర్చింది ఆయనే. నా కూతురు ముఖం చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

కొడుకు మిసర్ దేశం, అదే ఈజిప్టు, పోయినప్పటి నుంచి చాచాకు ఒకటే ఆలోచన. మనకు చీకటి పడ్డాక కూడా అక్కడ ఎండ కాస్తూనే ఉంటుందని స్టేషన్ బాబు చెప్పాడట. "దునియాకంతా ఒక్కటే టైము పెడితే ఏం పోతది బేటా?" అనేవాడు. నేను ఊరుకునే రకం కాదు. అట్లా పెడితే ఏదో ఒక దేశంలో నేతగాడు చీకట్లో మగ్గం ఎక్కాలి, పోగు కనపడొద్దా అని వాదించేవాణ్ణి.

యుద్ధం పేరు చెప్పి గడియారాలను గంట ముందుకు జరిపినప్పుడు, పొద్దు చూసుకొని వచ్చిన ఇటిక్యాల రైతులకు రైలు తప్పింది. చాచా వాళ్లను కిరాయి అడగకుండా తీసుకొచ్చి తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఒకరి టైము ఇంకొకరికి పెడితే ఇంతే కదా అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు.

"గడియారం మార్చినంత మాత్రాన ఆడ పొద్దు గుంకదు, నాకెర్కే. కానీ నా కొడుకు రోజా ఇడువకముందు నేనెట్ల తింట?"

ఆ తర్వాత నేను మళ్లీ ఆ వాదన ఎత్తలేదు.

రంజాన్‌లో మసీదు పిలుపు వినపడగానే ఆయన ఖర్జూరం తిని నీళ్లు తాగేవాడు. అంతే. గంజి గిన్నెకు మూత పెట్టేవాడు. నమాజుకు పోయి వచ్చి, అక్కడ కూడా పొద్దు గుంకి ఉంటుందనుకునేదాకా అరుగు మీద కూర్చునేవాడు. చాచీ ఎప్పుడో పోయింది, కోప్పడి తినిపించేవాళ్లు లేరు.

యుద్ధం ముగిశాక గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు, ఈ రంజాన్‌కు తనకూ కొడుకుకూ ఒక్కటే టైమని. ఆ ఒక్క కోరికా తీరలేదు. మట్టి చేసిన మర్నాడు కొడుకు రైలు దిగాడు. స్టేషను నుంచి ఇద్దరం నడిచి వస్తూ, తండ్రి రోజా ఎట్లా ఉండేవాడో నేనే చెప్పాను.

ఆ సాయంత్రం మా ఇంటి నుంచి అతనికి గంజి తీసుకుపోయాను. పిలుపు వినపడింది. అతను ఖర్జూరం తిని నీళ్లు తాగాడు. గిన్నె అతని ముందుకు జరిపాను. మూత తీయలేదు.

"మా అబ్బా తినే యాళ్ల ఇంక కాలేదన్నా" అన్నాడు.

అరుగు మీద అతని పక్కన కూర్చున్నాను. పడమటి దిక్కున ఇంకా కొంచెం వెలుగు ఉంది.