పైడమ్మ వడియాలు, నా విమానాలు

దయ్యాల కబుర్లు మా ఇంట్లో ఎప్పుడూ వసారా దాటి లోపలికి రాలేదు. మా తాతగారు విజయనగరం వైపు పన్నెండు ఊళ్ల జమీందారు. అలాంటి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవారట. తర్వాత జమీ పోయింది, కోట పోయింది. నాన్నగారు రాయపూర్ వచ్చి రైసుమిల్లులో మేనేజరుగా చేశారు. నేను అదే ఊళ్లో, తెలీబంధా పేటలో ఒక లారీ రవాణా కంపెనీలో గుమాస్తాని. ఎన్ని పోయినా ఆ ఒక్క స్వభావం మాత్రం మాతోనే వచ్చింది. నాకు అలాంటి నమ్మకాలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు.

అందుకే ఈ సంగతి నన్ను ఇన్నేళ్లుగా ఇంతగా విసిగిస్తోంది. భయపెట్టిందని చెప్పను. విసిగించింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా ఏర్పడిన నాలుగైదేళ్లకు జరిగిందిది. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో సింహాచలం అని ఒకతను ఉండేవాడు. రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ల తాత మా తాతగారి గుర్రాలను చూసేవాడు. రెండు కుటుంబాలూ వేర్వేరు దారుల్లో రాయపూర్ చేరాయి. సింహాచలం నన్ను 'బాబుగారూ' అని పిలుస్తాడు. అందులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను.

కంప్యూటరు అతని ఇంట్లో ఉండేది. నాకు లేదు. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం. అందులో ఒక యుద్ధం ఆట ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు నేను అక్కడికి వెళ్లి ఆడేవాణ్ణి.

వాళ్లింట్లో నేనేమీ తినేవాణ్ణి కాదు. మమ్మల్ని కొలిచిన ఇళ్లలో మేము భోజనం చేయకూడదని తాతగారు పెట్టిన నియమం. మంచినీళ్లు కూడా సీసాలో తీసుకెళ్లేవాణ్ణి. ఆస్తి అంతా పోయాక మాకు మిగిలింది ఆ నియమం ఒక్కటే.

ఇక ఆట సంగతి. అది చదరంగంలా వంతులవారీగా సాగుతుంది. నా దళాలన్నిటినీ కదిపి, వంతు ముగిసిందని మీట నొక్కాలి. అప్పుడు యంత్రం శత్రువును కదుపుతుంది. ఆ మధ్యలో పాచిక వేసినట్టు వాతావరణం తేలుస్తుంది, ఎండో మబ్బో. నేను ఇరుక్కుపోయిన ఘట్టంలో విమానాల నుంచి మూడు పారాచూట్ దళాలను దింపి, ఒక నది మీద వంతెన పట్టుకోవాలి. పది వంతులు. తొమ్మిదో వంతుకు మన ట్యాంకులు వస్తాయి. పదో వంతు ముగిసేసరికి వంతెన రెండు కొసలూ మన చేతిలో ఉండాలి.

నేను మొదట దళాలను సరాసరి వంతెన మీదే దింపాను. మగవాడు దిగవలసిన చోటు అదే అనుకున్నాను. ఊళ్లోని విమాన విధ్వంసక ఫిరంగులు మూడింట ఒక భాగం మందిని గాలిలోనే తినేశాయి. మిగిలినవాళ్లను గాలి నదిలోకి నెట్టింది. నాలుగు ఆదివారాలు ఇలాగే పోయాయి. చివరికి ఫిరంగులకు అందనంత దూరంగా, దక్షిణాన బురద నేలలో దింపడం నేర్చుకున్నాను. నడకకు ఒక వంతు పోతుంది కానీ జనం మిగులుతారు.

తర్వాతి తలనొప్పి ఉత్తరపు కొస. నాలుగో వంతులో శత్రువు ట్యాంకులు అటునుంచే వస్తాయి. అక్కడ నిలబడ్డ దళం ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోయేది.

"అది వదిలేసి ఇవతలకొచ్చీండి బాబుగారూ. ఆఖర్న మళ్లీ ఎల్లి పట్టుకుందురు గాని," అనేవాడు సింహాచలం.

"పట్టుకున్న చోటు వదలడం మా ఇంటా వంటా లేదు."

"అవును మరి. కోట వదల్నేదు, ఊరు ఊరంతా వదిలీసినారు."

ఆ మాటకు రెండు వారాలు వాళ్లింటికి వెళ్లలేదు. మూడో వారం వెళ్లాను. అప్పుడే అతను పందెం కాశాడు. వానలు పడేలోగా నేను ఈ ఘట్టం గెలవకపోతే వాళ్లింట్లో భోజనం చేయాలి. గెలిస్తే, బతికున్నంత కాలం మళ్లీ నన్ను తినమని అడగడు. నేను ఒప్పుకున్నాను. మా తాతగారి నియమం ఒక కంప్యూటరు ఆట మీద నిలబడింది.

అసలు ముడి మందుగుండు దగ్గర ఉంది. పారాచూట్ దళాల దగ్గర మూడు వంతులకు సరిపడా గుండ్లే ఉంటాయి. ఆట మొత్తం మీద ఒకే ఒక్కసారి సరుకుల విమానాన్ని పిలవొచ్చు. ఎండ కాస్తే సరుకు మన మీద పడుతుంది, మబ్బు పడితే శత్రువు మీద పడుతుంది. పిలిచాకే వాతావరణం తేలుతుంది. అంటే గుడ్డిగా పిలవాలి. నేను పిలిచిన ప్రతిసారీ మబ్బే పడేది. నోట్‌బుక్కులో ఎన్ని ఎత్తులు రాసుకున్నా ఈ ఒక్క పాచిక అన్నిటినీ తుడిచేసేది.

ఇక్కడ పైడమ్మ గురించి చెప్పాలి. సింహాచలం తల్లి. చదువు లేదు. కంప్యూటరున్న గదిలోకి ఆమె వచ్చింది నేనెప్పుడూ చూడలేదు. ఎండాకాలం వస్తే బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి కాలనీలోనూ గుఢియారీ పేటలోనూ తెలుగువాళ్ల ఇళ్లకు ఇచ్చేది. క్వార్టరు ముందు నులక మంచాలు వేసి, పాత చీరలు పరిచి, వాటిమీద వరసగా వడియాలు పెట్టేది. ఎండ పోతే వడియం పులుస్తుంది. అందుకని ఆమె కళ్లు ఎప్పుడూ ఆకాశం మీదే ఉండేవి.

ఒక ఆదివారం నేను విమానాన్ని పిలిచి, మీట నొక్కబోతూ ఉండగా బయట కోడలు లక్ష్మి కేకలు వినిపించాయి. లక్ష్మి పుట్టి పెరిగింది ఇక్కడే, మాటలో సగం హిందీ.

"అత్తమ్మా! ధూప్ ఇంత తేజ్‌గా, ఎండ ఇంత మండతా ఉంటే అప్పుడే ఎత్తేస్తన్నావేటి? పాగల్ అయిపోయావా?"

"మబ్బేస్తంది గదే! నీకు ముక్కు నేదేటి?"

కిటికీలోంచి చూశాను. మే నెల ఆకాశం, దూదిపింజంత మబ్బు లేదు. మీట నొక్కాను. తెర మీద మబ్బు కమ్మింది. నా సరుకు శత్రువు పాలైంది.

అప్పుడు నాకేమీ తోచలేదు. మళ్లీ మొదటినుంచి ఆడాను. మళ్లీ అదే. ఆమె మంచం ఎత్తి వరండాలోకి తెచ్చింది, తర్వాత తెర మీద మబ్బు. ఆమె మంచం ఎండలో వేసింది, తర్వాత తెర మీద ఎండ. నాలుగోసారి లక్ష్మి తల కొట్టుకుంటుంటే నేను మీట మీది వేలు తీసేశాను.

ముందు సింహాచలాన్ని అనుమానించాను. తల్లితో కలిసి నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. మరుసటి ఆదివారం అతన్ని గుఢియారీ బజారుకు పంపాను. కిటికీ మూశాను, తలుపు గడియ పెట్టాను, కంప్యూటరు శబ్దం ఆపేశాను. తెర మీద మబ్బు పడిన ప్రతిసారీ నా చేతి గడియారం చూసి టైము రాసుకున్నాను. పైడమ్మ వడియాలు ఎత్తినప్పుడల్లా గోడ గడియారం చూసి పాత క్యాలెండరు వెనక రాయమని లక్ష్మికి చెప్పాను. కారణం చెప్పలేదు. రెండు గడియారాలూ ముందే కలిపాను.

సాయంత్రం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. నా కాగితంలో ఉన్న ప్రతి మబ్బుకూ, లక్ష్మి కాగితంలో రెండు మూడు నిమిషాల ముందు వడియాలు ఎత్తిన గుర్తు ఉంది. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఇంకో పరీక్ష చేశాను. ఆటను ఒకచోట భద్రం చేసి, అదే వంతును రెండుసార్లు ఆడాను. మొదటిసారి మబ్బు, రెండోసారి ఎండ వచ్చాయి. పైడమ్మ మొదటిసారి ఎత్తింది, రెండోసారి పరిచింది. పాచిక నేను మీట నొక్కాకే పడుతుంది. ఇంకా పడని పాచిక ఆమెకెలా తెలుస్తుంది?

విసుగు పట్టలేక ఆమెనే అడిగాను.

"పైడమ్మా, నీకెలా తెలుస్తోంది?"

"తెలవడానికేటుంది దొరబాబూ? మబ్బొచ్చీముందు తడి వాసనేస్తాది."

"ఆకాశంలో మబ్బే లేదు కదా?"

"ఎందుకు నేదు? నాను ఎత్తిన పతిసారీ వచ్చింది గదా," అని నన్నే వింతగా చూసింది.

నేను తిరిగి కంప్యూటరు గదిలోకి వెళ్లాను. ఆ కుటుంబం ముందు వెనక్కి తగ్గడం నాకు అలవాటు లేని పని.

జూన్ వచ్చింది. వానలకు ముందు అదే ఆఖరి ఆదివారం అనిపించింది. ఆమె వైపు చూడకూడదని నిశ్చయించుకున్నాను. గెలిస్తే నా తెలివితో గెలవాలి. కిటికీ మూసుకుని కూర్చున్నాను. పది నిమిషాలకు కూలర్ పాడైంది. ఆ ఉక్కలో కిటికీ తెరవక తప్పలేదు. తెరిస్తే ఎదురుగా పైడమ్మ మంచాలు. నా ఖర్మ.

బురదలో దిగాను. వంతెన పట్టాను. నాలుగో వంతులో, పళ్లు కొరుక్కుంటూ, ఉత్తరపు కొస వదిలి వెనక్కి వచ్చాను. అది సింహాచలం చెప్పిన ఎత్తే. ఆ సంగతి ఒప్పుకోవడం ఇంకా కష్టంగా ఉంది. ఆరో వంతుకు గుండ్లు అయిపోయాయి. విమానాన్ని పిలిచాను. మీట నొక్కడమే మిగిలింది. తనకు మంచినీళ్లు తెచ్చుకుంటానని సింహాచలం లోపలికి వెళ్లాడు.

కిటికీ బయట పైడమ్మ వడియాలు ఎత్తడానికి మంచం మీది చీర కొసలు మడుస్తోంది.

మీట నొక్కకముందైతే మనసు మార్చుకోవచ్చు. పిలిచిన విమానాన్ని రద్దు చేశాను. మీట నొక్కాను. తెర మీద మబ్బు పడింది.

ఏడో వంతులో ఆమె మంచం మళ్లీ ఎండలోకి లాగింది. నేను విమానాన్ని పిలిచాను. ఎండ కాసింది, సరుకు అంగుళం తప్పకుండా నా దళాల మధ్య పడింది. తొమ్మిదో వంతుకు ట్యాంకులు వచ్చాయి. పదో వంతులో ఉత్తరపు కొస మళ్లీ పట్టుకున్నాను.

"జీత్ గయే, గెలిచీసినారు బాబుగారూ!" సింహాచలం గంతేశాడు. తర్వాత అతని మొహం కాస్త వాడింది. "బస్. మాటంటే మాట. ఇంక మిమ్మల్ని మా ఇంట్లో తినమని అడగను."

నేను లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. విమానాన్ని రద్దు చేసిన సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నియమం నిలబడేది. కానీ వడియాలు కాచుకునే ముసలామెను చూసి గెలిచి, అది నా గెలుపని చెప్పుకోవడం మా తాతగారి ఏ నియమంలో ఉంది?

"నేను గెలవలేదు సింహాచలం. లక్ష్మిని కంచం పెట్టమను," అన్నాను. జరిగింది చెప్పాను.

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన కంచం పక్కనే నా కంచం పెట్టించాడు. అన్నం, పప్పుచారు, వేయించిన వడియాలు. వడియాలు కరకరలాడుతూ బాగున్నాయి. ఆ మాట నేను పైకి అనలేదు.

పైడమ్మ ఇంకో నాలుగు వడియాలు నా కంచంలో వేస్తూ అంది: "మీ తాత దొరగారు మా అత్త సేతి వడియాలు తినీవోరు బాబూ. గుర్రాల సాలలోనే కంచమెట్టీవోడు మా మావ. ఎవులికీ సెప్పొద్దనీవోరు."

సింహాచలం నీళ్లు పొలమారి దగ్గాడు. అది నిజమో కాదో చెప్పేవాళ్లు ఎవరూ మిగలలేదు. నేను తల వంచుకుని భోజనం ముగించాను.

ఇంతవరకైతే కాకతాళీయమని సరిపెట్టుకునేవాణ్ణి. చాలా ప్రయత్నించాను కూడా.

రెండేళ్ల తర్వాత నేనూ ఒక కంప్యూటరు కొన్నాను. తెలీబంధాలో నా గదిలో, ఒక వేసవి ఆదివారం, అదే ఆటలో ఇంకో ఘట్టం మొదలుపెట్టాను. అందులోనూ పారాచూట్లే, సరుకుల విమానమే. కాలనీకీ మా ఇంటికీ మధ్య సగం ఊరుంది. ఆట కొన్నట్టు కూడా వాళ్లకు చెప్పలేదు. మూడోసారి మబ్బు పడి, నేను బల్ల గుద్దుతుండగా ఫోను మోగింది.

"నమస్తే బాబుగారూ, లక్ష్మిని. ఏమీ అనుకోకండి. మీరిప్పుడు ఆ గేమ్ గానీ ఆడతన్నారా?"

"ఎందుకు?"

"ఎండ మండిపోతంది, అత్తమ్మ మూడుసార్లు ఎత్తేసింది. ఇలాగైతే వడియాలన్నీ ఖరాబ్ అయిపోతాయి. థోడా ఆపండి బాబుగారూ, దండం పెడతాను."

తెర మీద ఇంకా మబ్బుంది. నేను కంప్యూటరు ఆపేశాను. పది నిమిషాలకు లక్ష్మి మళ్లీ ఫోను చేసింది, అత్తమ్మ మంచాలు పరిచిందని.

సింహాచలం రిటైరై గుఢియారీలో ఇల్లు తీసుకున్నాడు. పైడమ్మకు ఎనభై దాటాయి. ఇప్పటికీ వేసవిలో వడియాలు పెడుతుంది. కంప్యూటర్లు తెలిసినవాళ్లను అడిగాను. లెక్కలు తెలిసినవాళ్లను అడిగాను. అందరూ నావైపు జాలిగా చూశారు. నా రెండు కాగితాలూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

పన్నెండు ఊళ్ల జమీందారు మనవణ్ణి. నా ఇంట్లో, నా కంప్యూటరులో ఆడుకోవడానికి, ప్రతి వేసవి ఆదివారం గుర్రాల సాల చూసుకున్నవాడి మనవడి ఇంటికి ఫోను చేసి, ఈ రోజు వడియాలు పెట్టారా అని అడుగుతున్నాను. పెట్టామంటే ఆడను.

వడియాలు ఎండాలి కదా.