ఐదో రోజు మిరియాలు

మిల్లులో షిఫ్టు సంగు ఊదేలోపు సౌందరం ఐదు మిరియాలు నమిలి, చెంబెడు నీళ్లు తాగి, కొప్పు బిగించుకుంది. ఆ పూటకు అంతే ఆహారం. ఆ రోజుకూ అంతే.

తమిళ ఐప్పసి నెల, దీపావళి అమావాస్య వెళ్లి ఐదో రోజు. కందసష్టి విరతంలో మొదటి రోజు ఒక మిరియం, రెండో రోజు రెండు, అలా ఆరో రోజుకు ఆరు. మురుగన్‌కు ముఖాలు ఆరు, మంత్రంలో అక్షరాలు ఆరు, తిథి ఆరోది. మొక్కు కూడా ఆరు దగ్గరే ముగియాలి. దేవుడి మూలలో బియ్యప్పిండితో ఆరు కోణాల చక్రం గీసి, రోజుకొక కోణంలో ఒక అక్షరం రాస్తోంది సౌందరం. ఇంట్లో మాట తెలుగే అయినా, బడిలో నేర్చింది తమిళ లిపి, అదే రాసింది. ఆ పొద్దుటికి ఐదు కోణాలు నిండాయి.

ఆమెకు ముప్పై ఆరేళ్లు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. కోయంబత్తూరు శివార్లలో ఒక నూలు మిల్లు, రీలింగు విభాగంలో పని. కండెల మీది దారాన్ని చిలపలుగా చుట్టి కట్టలు కట్టాలి. భర్త అళగిరిసామిది అదే మిల్లులో ఫిట్టరు పని. పిల్లలు లేరు. ఒక్కసారైనా కడుపు పండిందీ లేదు, పోయిందీ లేదు.

అంతకుముందు నాలుగేళ్లు ఈ విరతం పట్టింది. నాలుగుసార్లూ మూడో రోజో నాలుగో రోజో బయట చేరింది. అలా జరిగితే విరతం చెడినట్టే, మళ్లీ ఏడాది ఆగాలి. ఈ ఏడు మాత్రం ఆవణి నెల నుంచి మూడు నెలలుగా ముట్టు లేదు. సామి తన విరతం కోసమే దాన్ని ఆపి పెట్టాడని సౌందరం నమ్మింది. ఆ మేలుకు మారుగా తల మీద పాలబిందె పెట్టుకుని, వట్టి కాళ్లతో మరుదమలై మురుగన్ కొండ మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

అత్త లక్ష్మమ్మాళ్ వేరేగా అర్థం చేసుకుంది. “మా చిన్నత్తకూ ఇట్లానే, ముప్పై ఏడుకే నిలిచిపోయ. ఇంక ఆశ ఇడువు నాయనా” అని కొడుకుతో చెప్పేసింది. కోడలు విరతం మొదలుపెడితే మాత్రం మిరియాలు ఏరి ఇచ్చింది ఆమే.

పదింటికి సౌందరం చిలపల కట్ట ఎత్తబోయి, కట్టతో సహా కింద పడింది. పక్క రీలు దగ్గర పని చేసే మూకాయి, మదురై వైపు నుంచి వచ్చిన తెలుగు మనిషి, కేక వేసి నలుగురిని పోగేసింది. ఆరుబయట గాలికి కళ్లు తెరిచిన సౌందరం మొదట అడిగిన మాట, “నా నోట్లో నీళ్లు తప్ప ఏమీ పొయ్యలే కదా?”

“పోసుంటే మేలయ్యుండు. బొమికెలకి చీర కట్టినట్టుండావు. దా!” అని మూకాయి ఆమెను మిల్లు వైద్యశాలకు నడిపించింది.

డాక్టరమ్మ కళ్ల కింది రెప్పలు లాగి చూసింది. నాడి చూసింది. పొట్ట మీద చెయ్యి వేసి, వేళ్లతో అదిమి, ఒక్క క్షణం ఆగింది. నెలల లెక్క అడిగింది.

“మూడు నెలలుగా లేదమ్మా. సామి నిలిపి పెట్టినాడు, విరతానికి” అంది సౌందరం.

“ఏ సామి? నీకు మూడు నెలలు నిండాయి. కడుపుతో ఉన్నావు.”

మూకాయి నోటి మీద చెయ్యి వేసుకుంది. సౌందరం ముఖంలో ఏ మార్పూ లేదు. గోడ మీది గడియారం వైపు చూస్తూ, “నన్ను గురించా చెప్పినారు?” అంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. అప్పుడు ఆమె రెండు చేతులూ పొట్ట మీద వేసుకోబోయి, తాకడానికి భయపడి వెనక్కి తీసుకుంది.

మరుదమలై మెట్లు గుర్తొచ్చాయి. మోసిన కట్టలు గుర్తొచ్చాయి. వాంతులు పస్తు వల్ల, తల తిరగడం పస్తు వల్ల అనుకుంది. ఈ ఐదు రోజుల్లో పదిహేను మిరియాలు. కడుపులో ఉన్నదానికీ అంతే దక్కింది.

“రక్తం లేదు నీకు. ఇప్పుడే తినాలి. లేకుంటే నిలవదు” అంది డాక్టరమ్మ.

“రేపొక్క దినం అమ్మా. ఆరుతో అయిపోతాది. నడుమలో విడిస్తే ఇచ్చినవాడే తీసుకుంటాడు.”

డాక్టరమ్మ అత్తను పిలిపించమని మూకాయితో చెప్పింది.

లక్ష్మమ్మాళ్ వచ్చి, విన్నది విన్నట్టే బెంచీ మీద కూలబడింది. “నేను కొడుకుతో ఏం చెప్పినానే… ఏం చెప్పినానే…” అని తొడ మీద కొట్టుకుంది. తర్వాత కోడలి ముందు డాక్టరమ్మ పెట్టించిన గంజి గిన్నె చూసింది. గంజి మీద మీగడ కట్టింది. కోడలు ముట్టలేదు.

“తాగు అమ్మణీ.”

“ఇంకొక దినం ఉండాది అత్తా.”

“ఆ సామిని పెంచింది ఒక తల్లా? కృత్తికలు ఆరుగురు పాలిచ్చినారు. ఒకతి వల్ల కాలేదనే కదా ఆరుగురు? రేపటి ఆరు నేను తింటాను. మొక్కు ఈ ఇంటిది, నీ ఒక్కదానిదా?”

“మీకు పళ్లే లేవు కదత్తా.”

“నూరుకుని మింగుతాను. నీకేమి, తాగు.”

సౌందరం గిన్నె ఎత్తింది. మూడు గుక్కలు తాగి, బయటికి పరుగెత్తి కక్కుకుంది. తిరిగి వచ్చి కూర్చుని మళ్లీ తాగింది. ఏడుపు అప్పుడు వచ్చింది. చప్పుడు లేకుండా, గిన్నె వదలకుండా ఏడ్చింది.

మర్నాడు లక్ష్మమ్మాళ్ ఆరు మిరియాలు రోట్లో నూరి నీళ్లతో మింగింది. అక్షరాలు రాని మనిషి. ఆరో కోణంలో కొడుకు చేత రాయించింది. అళగిరిసామి రాస్తుంటే పిండి గీత దాటింది. సౌందరం తడిక పక్క నుంచి చూసింది, ఇడ్లీ తింటూ.

డాక్టరమ్మ కట్టలు ఎత్తవద్దని చీటీ రాసిచ్చింది. ఇనుము మాత్రలు వేసుకోమంది, ఈరలు, అంటే మేక కార్జం, తినమంది. ఈరలు అనగానే, ఎన్నడూ మాంసం వండని లక్ష్మమ్మాళ్ చెవులు మూసుకుని, వారం తిరగకుండా తనే వండిపెట్టింది.

ఆరు నెలలకు, వైకాసి నెల మొదటి వారంలో ఆడపిల్ల పుట్టింది. తూకం తక్కువే, నాలుగు పౌండ్ల పన్నెండు ఔన్సులు.