భుజం మీద చెయ్యి

లిటిల్ హెబ్రోను చర్చిలో ఓజెల్లా పెటిగ్రూ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఆమె చోటు గుమ్మం పక్కనే. తెల్లబట్టలు, తెల్ల చేతితొడుగులు, ఎడమ రొమ్ము మీద, చర్చి గుమ్మం చూసుకునే అషర్ల సంఘం బిళ్ళ. వచ్చినవాళ్ళకి చోటు చూపించడం, ఆత్మావేశంలో ఊగిపోయేవాళ్ళని కిందపడకుండా పట్టుకోవడం, చెమటలు పడుతున్నవాళ్ళకి విసనకర్ర అందించడం ఆమె పని. వారంలో ఆరు రోజులు ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తిన చేతులు ఏడో రోజు ఆ తొడుగుల్లోకి వెళ్ళేవి. ఆమెకు అది విశ్రాంతి కాదు, అంతకన్నా ఎక్కువ. దేవుడి ఇంటి గుమ్మం దగ్గర నిలబడగలగడమే తన ప్రార్థన అనుకునేది.

ఆరాధన జరుగుతున్నంతసేపూ అషర్లు నోరు తెరవకూడదు. ఏం చెప్పినా చేతులతోనే. రొమ్ముకు అడ్డంగా రెండు వేళ్ళు పెడితే రెండు చోట్లు ఖాళీ ఉన్నాయని. అరచెయ్యి తిప్పితే విసనకర్ర కావాలని. కుడిచెయ్యి ఎడమ భుజం మీద వేస్తే, నేనిక నిలబడలేను, నా చోటికి ఎవరైనా రండి అని. అషర్ల పెద్ద హోసియా క్రంప్టన్ నెలకొకసారి అందరిచేతా ఈ సైగలు సాధన చేయించేవాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఓజెల్లాయే నేర్పేది. ఆ చివరి సైగ వచ్చినప్పుడు మాత్రం, "ఇది మీకు పనికొస్తుందమ్మా, నేర్చుకోండి" అనేది. తనకు అని ఎప్పుడూ అనలేదు.

పదకొండేళ్ళ కిందట భర్త లెమ్యుయేల్ పోయాడు. అతని అంత్యక్రియలకు కూడా ఆమె గుమ్మం దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టింది. పాస్టరు ప్రసంగం మధ్యలో వేలు చాపి, "బలం ఎలా ఉంటుందో చూడాలా? అదిగో, అక్కడ నిలబడి ఉంది!" అన్నాడు. చర్చి మొత్తం ఆమేన్ అంది. ఆ ఆమేన్‌ని ఓజెల్లా ఆ రోజునుంచీ మోస్తూనే ఉంది. ఎవరి బిడ్డ జైలుకు పోయినా, ఎవరి ఇల్లు కాలినా కబురు ఆమెకే వచ్చేది. ఆమె వెళ్ళేది, వండేది, తుడిచేది, ప్రార్థించి వచ్చేది. "ఎలా ఉన్నావు ఓజెల్లా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు గానీ, జవాబు కోసం ఆగేవాళ్ళు లేరు.

ఒక్క చెల్లెలు కొరీనా మాత్రం ఆగేది. తల్లి చనిపోయేనాటికి ఓజెల్లాకి పదమూడేళ్ళు, కొరీనాకి తొమ్మిది. అప్పటినుంచి అక్కే అమ్మ. మొన్న మే నెలలో కొరీనా ఆస్పత్రి మంచం మీద ఎముకల గూడై పడుకుని కూడా వేళాకోళం మానలేదు.

"అక్కా, ఆ కుర్చీ కరవదు, కూర్చో."

"నిలబడితేనే నాకు బాగుంటుందే."

"నా పెట్టె దగ్గర కూడా నిలబడే ఉంటావేమో! ఇదిగో, చెబుతున్నా విను. నా అంత్యక్రియల్లో నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. ముక్కు కారేలా ఏడవాలి. టోపీ వంకర పోవాలి. లేదంటే తీర్పుదినం దాకా ఆగను, అక్కడికక్కడే లేచొస్తా."

"ఛీ, ఏం మాటలే అవి!"

"స్నేహితుడి సమాధి దగ్గర యేసు ప్రభువే ఏడ్చాడు. నువ్వు ఆయనకంటే గట్టిదానివా? మాటివ్వు."

ఓజెల్లా మాటిచ్చింది.

జూన్ చివర్లో కొరీనా కన్నుమూసింది. మరునాడు చర్చి స్త్రీలు వంటలు పట్టుకుని వచ్చారు. అందరికంటే పెద్దది, తొంభై దాటి చర్చి అంతటికీ తల్లిలాంటి మదర్ బ్లెడ్సో, ఓజెల్లా చెయ్యి నిమిరింది. "శనివారం జనం విరగబడతారు. నువ్వు గుమ్మం దగ్గరుంటే మాకు ధైర్యం తల్లీ." ఓజెల్లా మాటిచ్చానని చెప్పబోయింది. నోట్లోంచి "అలాగేనమ్మా" అని వచ్చింది.

శనివారం ఎండకి చర్చి గోడలు కూడా చెమర్చాయి. ముందు వరసలో కొరీనా కూతుళ్ళు ఆమె కోసం చోటు ఉంచి, వెనక్కి తిరిగి చూస్తున్నారు. గాయకబృందం కొరీనాకి ఇష్టమైన పాట ఎత్తుకుంది. రెండో చరణంలో ఓజెల్లా తెరిచి ఉన్న శవపెట్టె వైపు చూసింది. ఇప్పుడు వెళ్ళకపోతే పెట్టె మూసేస్తారు. ఇచ్చిన మాట కూడా దానితోపాటే మట్టిలోకి పోతుంది. ఆమె కుడిచెయ్యి ఎత్తి ఎడమ భుజం మీద వేసుకుంది.

నడవ మధ్యలో నిలబడిన హోసియా చూశాడు. తల ఊపాడు. ఇంకెవరి కోసమో చెబుతోందనుకుని, వెళ్ళి మూడో వరసలో ఏడుస్తున్న లావుపాటామెకు విసనకర్ర ఇచ్చి వచ్చాడు.

ఓజెల్లా మళ్ళీ చెయ్యి వేసింది. ఈసారి హోసియా కళ్ళు చికిలించి, తన బిళ్ళ సర్దుకుని, సరిగ్గా ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆ సైగను నెలనెలా అందరిచేతా సాధన చేయించేవాడికి, అది ఆమె చేతి నుంచి వస్తే పోల్చుకోవడం చేతకాలేదు.

పాట ఆగింది. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఓజెల్లా, అషర్లు ఎప్పుడూ చేయని పని చేసింది.

"బ్రదర్ హోసియా, నా కోసమే. నేనిక నిలబడలేను."

చర్చి అంతా వెనక్కి తిరిగింది. హోసియాకి అప్పుడు అర్థమైంది. గబగబా వచ్చి ఆమె చోట నిలబడి, కాపలా ఉన్న అషరులా ఎడమచెయ్యి వీపు వెనక్కి మడుచుకున్నాడు. ఓజెల్లా నడవలో ఒంటరిగా నడిచి వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, నోరు తెరిచి ఏడ్చింది. అందమైన ఏడుపు కాదది. తల్లి పోయిన పదమూడేళ్ళ పిల్ల ఏడుపూ, పదకొండేళ్ళ కిందటి విధవరాలి ఏడుపూ ఒక్కసారే బయటికొచ్చాయి. ఎవరో "గుండె దిటవు చేసుకో సిస్టర్, నువ్వు బలమైనదానివి" అనబోయారు.

"నోరు ముయ్యి," అంది మదర్ బ్లెడ్సో. "ఏడవనీ దాన్ని. కూర్చుంటావా అని అడగాల్సింది నేను, అడగలేదు." పాస్టరు బైబిలు మూసి, తన కుర్చీలో కూర్చుని, ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు. చర్చిలో ఆ రోజు ప్రసంగం చిన్నది.

సమాధి దగ్గర నుంచి వచ్చాక కింది హాల్లో భోజనాలు. ఓజెల్లా బల్ల దగ్గర కూర్చుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. హోసియా వేయించిన కోడి, మాకరోనీ వడ్డించిన పళ్ళెం ఆమె ముందు పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"బిళ్ళ వంకరగా ఉందని చెబుతున్నావనుకున్నా ఓజెల్లా. నన్ను మన్నించు."

"నీ బిళ్ళ ఎప్పుడూ వంకరే. మన్నించాల్సింది అదొక్కటే."

"రేపు గుమ్మం ఎవరు చూస్తారు మరి?"

"రేపు నువ్వు చూడు. నేను ప్రసంగం వింటా. ఇన్నేళ్ళుగా సగమే విన్నా." ఆమె పళ్ళెం వైపు చూసింది. "నిలబడ్డావెందుకు? కుర్చీ లాక్కో, తిందాం."