నేను కుదిర్చిన క్వార్టర్‌బ్యాక్

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, టెక్సాస్‌లో మా యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క తెలియనివాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. (కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఆ పేరెందుకో నాకిప్పటికీ తెలియదు.) అయినా లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తూ, ఆ ఆటగాళ్ళకే ట్యూషన్ చెప్పే ఉద్యోగం సంపాదించాను.

ఆ ఏడు మా కోచ్ కన్ను రెండేళ్ళ కోర్సులు మాత్రమే ఉండే ఒక కాలేజీలో, జట్టుకి బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ మీద పడింది. అతను బంతి విసిరితే ఇక తిరుగులేదని పేపర్లు రాశాయి, మంగలి షాపులో కూడా అదే మాట. మా జట్టులో చేరాలా వద్దా తేల్చుకోవడానికి ఆ కుర్రాడు తల్లితో కలిసి ఒక శనివారం మా కాలేజీ చూడటానికి వస్తున్నాడు. "నువ్వు చెయ్యి కలిపి నవ్వు, చాలు" అన్నాడు కోచ్.

నేను ముగ్గురు అక్కల పెళ్ళిచూపులు దగ్గరుండి చూసినవాణ్ణి. చెయ్యి కలిపి ఊరుకోవడం నావల్ల అవుతుందా? రూమ్మేట్ టై కట్టుకుని, ఉప్మా చేసుకుని ట్యూషన్ గదిలో కూర్చున్నాను. కోచ్ వాళ్ళని తీసుకురాగానే ప్లేట్లు అందించి, మా మేనమామ గొంతు తెచ్చుకుని, "మార్కుల లిస్టు తెచ్చారా అమ్మా?" అన్నాను. కోచ్ ముఖాన నెత్తుటి చుక్క లేదు. ఆవిడ మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడత కాగితం తీసింది. లెక్కల్లో తప్పాడు. "ఎందుకు పోయింది?" అన్నాను. కుర్రాడు బూట్లకేసి చూస్తూ, "ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. "మూడు కాలేజీలు తిరిగాం. అందరూ వీడి భుజమే చూశారు. వీణ్ణి మీకే అప్పగిస్తున్నాను" అంది తల్లి.

ఇంకేముంది, నేను ఊళ్ళో కాలరెగరేసుకుని తిరిగాను. మొదటి ఆటలోనే మావాడు బంతిని మూడుసార్లు అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. నాలుగో ఆటకి కోచ్ అతన్ని ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ఏరా, నీ పెళ్ళికొడుకు ఇవాళ కూడా బెంచీ మీదే సెటిలయ్యాడంట కదా?" అనేవాడు రూమ్మేట్. లెక్కలు మళ్ళీ తప్పితే వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ ఉండదని కోచ్ తేల్చేశాడు. స్కాలర్‌షిప్ పోతే చదువూ పోయినట్టే.

నాకు భయం వేసింది. ఆవిడ అప్పగించింది నాకు. రోజూ సాయంత్రం కూర్చోబెట్టాను. విసిరిన బంతి ఎంత ఎత్తుకి వెళుతుందో కడదామంటే, "బంతి తప్ప ఇంకేదైనా చెప్పండి సార్" అని బతిమాలాడు. సరేనని ఉప్మాతో మొదలుపెట్టాను. ఇద్దరికి కప్పు రవ్వ, మూడు కప్పుల నీళ్ళు, పదిమందికైతే ఎంత? అక్కణ్ణించి సమీకరణాల దాకా లాక్కొచ్చాను. పాసయ్యాడు, అదీ మంచి గ్రేడుతో. ఆ రోజు నేను గర్వంతో భోజనం మర్చిపోయాను.

తర్వాతా అతను పెద్దగా ఆడింది లేదు. డిగ్రీ మాత్రం తీసుకున్నాడు. పట్టా అందుకున్న రోజు తీసిన ఫొటోలో ఆవిడ నన్ను తనకీ కొడుక్కీ మధ్యన నిలబెట్టింది. ఇప్పుడతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా, అరువు టైతో మేనమామలా ఛాతీ విరుచుకున్న అప్పటి నన్ను, ఆ బక్కపల్చటి కుర్రాణ్ణి చూసి నవ్వొస్తుంది. ఆటగాణ్ణి ఎంచడం అతనికి బొత్తిగా రాదు. అయినా ఆ శనివారం ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అడిగింది అతనొక్కడే.