చీముపుండుకు మొదటి కట్టు

నా కుడిమోకాలు వంగకుండా పోయింది గనిలో పడిన రాతివల్ల కాదు. ఆస్పత్రిలో ఇంకొకరి చీముపుండు కడిగిన చిమటాతోనే, ఆ బేసిను నీళ్లతోనే నా గాయం కడిగారు. ఒకనాడు కాదు, రోజూ. నేను చూస్తూ పడుకున్నాను.

మద్రాసు సర్కారు కాలం. మేమప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్లం. మార్కాపురం వైపు పలకల గనిలో నా పని. పైనుంచి రాతిపొర జారి మోకాలి కింద ఎముక విరిగింది, కండ చీలింది. బండిలో వేసుకుని మా వైపు ఉన్న చిన్న ఆస్పత్రికి తెచ్చారు. డాక్టరు ఎముకను బాగానే కూర్చాడు, ఆ మాట దాచను. తుంటి దాకా కాలిని చెక్కకు కట్టి, ఇరుపక్కలా ఇసుక మూటలు పెట్టి, గాయం దగ్గర మాత్రం తెరిచి ఉంచాడు. కదిలితే ఎముక తప్పుతుంది, ఆపైన తన పూచీ లేదన్నాడు.

వార్డులో ఒక మర్యాద ఉండేది. కట్లు కట్టడం తలుపు దగ్గరి మంచంతో మొదలయ్యేది. ఆ మంచం మీద నాలుగూళ్లకు పెద్దమనిషి అనిపించుకున్న రైతు, వీపున చీము కారే రాచపుండుతో ఉన్నాడు. ఆయన తరువాత భూమి ఉన్నవాళ్లు, వాళ్ల తరువాత నాబోటివాళ్లు. అందరికన్నా చివర, వరండా పక్కన, కొడవలి తెగిన చేతితో రాచర్ల కూలిమనిషి, క్రైస్తవుల ఇంటివాడు. పెళ్లిపంక్తిలో వడ్డన వరస ఏదో కట్ల వరసా అదే. కట్లు కట్టే డ్రెస్సరు, ఆ పెద్దాయన వీపు నొక్కి చీము తీసి, చిమటాను బేసినులోని ఎర్రమందు నీళ్లలో ఒకసారి ముంచి, పక్క మంచానికి వచ్చేవాడు. బావిలో వేస్తే కలరానే చంపే మందు, ఒక పుండు ఎంత అని అందరికీ ధీమా. నా దగ్గరికి చేరేసరికి ఆ నీళ్లు ఎరుపు పోయి మట్టిరంగు తిరిగేవి.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. గనిలో పారేసిన పలకముక్కల మీద అక్షరాలు దిద్దుకుని, సంతలో దొరికిన ఆరోగ్యం పుస్తకం ఒకటి అట్ట ఊడేదాకా చదివాను. చీము చేతుల మీదా పనిముట్ల మీదా ఒకరినుంచి ఒకరికి పోతుందని అందులో ఉంది. అందుకని డ్రెస్సరును అడిగాను. "అన్నా, చీములేని గాయాలకు ముందు కట్టు. పెద్దాయనకు ఆఖర్న కట్టు. చిమటా కాస్త ఉడకబెట్టు."

"నీకు విరిగింది కాలా, బుద్ధా?" అన్నాడు. "పెద్దాయనను కూలోళ్ల యెనక నిలబెట్టమంటావా?"

వార్డంతా నవ్వింది. రాచర్ల మనిషి మాత్రం మెల్లగా, "మనదాకా వచ్చేసరికి ఆ నీళ్లలో ఊరంతా మునిగి లేచింటాదిలే అన్నా" అన్నాడు.

మంచం పక్కన నేలమీద కూర్చున్న మా నాయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరుకో నాయనా. పొమ్మంటే ఈ కాలేసుకోని యాడికి పోతాం?" నిజమే. కర్నూలు దాకా ఆ కాలుతో బండి ప్రయాణం అయ్యే పని కాదు. పొద్దున్నే బేసిను చప్పుడు తలుపు దగ్గర మొదలై, మంచం మంచం దాటి నా వైపు వస్తూ ఉండేది. పక్కకు ఒత్తిగిలడానికి కూడా లేదు. కళ్లు మూసుకుంటే చప్పుడు ఇంకా దగ్గరగా వినిపించేది.

కొన్నాళ్లకు జ్వరం వచ్చింది. గాయంలో చీము పట్టి మోకాటి కీలులోకి దిగింది. ఇట్లయితే కాలు తీసేయవలసి వస్తుందని డాక్టరు నాయనతో అంటుంటే విన్నాను.

ఆ మాటన్న డాక్టరు యుద్ధంలోకి పోయాడు. ఆయన స్థానంలో అరవయాస కుర్ర డాక్టరు వచ్చాడు. వచ్చిన రోజే మా వరస మంచాలన్నిటిలో ఒకే రకం చీము చూసి, డ్రెస్సరు వెంట మొదటినుంచి చివరిదాకా నడిచాడు. మరునాటినుంచి చీములేని గాయాలకు ముందు కట్టు. చిమటా ప్రతి మనిషికీ మరిగే నీళ్లలో పడి లేవాలి. ప్రతి మంచానికీ ఒక పలక వేలాడదీయించాడు. చీము ఉందా లేదా, ఏ మందు, అందులో రాసి ఉండేది. డ్రెస్సరు చేతులు కడుక్కుని, పలక చదివిగాని మనిషిని ముట్టకూడదు. ఒకనాడు అట్లా చదివి, రాసిన మందు వేరని చూసి, రాచర్ల మనిషి చేతిమీద పోయబోయిన సీసా వెనక్కి తీశాడు. అది పనిముట్లు నానేసే చిక్కటి కార్బాలిక్, ఒళ్లు కాల్చే మందు. చీము కోసం పెట్టిన కట్టుబాటు ఆ తప్పునూ ఆపింది.

పెద్దాయన ఊరుకోలేదు. "ఆఖర్న కట్టించుకుంటే నేను పెద్దోణ్ణెట్లయితా డాక్టరూ?"

"మీకు డ్రెస్సరు కట్టడు. నేనే వచ్చి కడతాను" అన్నాడు డాక్టరు. పెద్దాయన మీసం దువ్వుకుని ఒప్పుకున్నాడు.

కొత్త చీము చేరడం ఆగింది. నా కాలు దక్కింది, మోకాలు బిగిసిపోయింది. గనిలో దిగే బతుకు అంతటితో సరి.

ఆ డాక్టరుకు బదిలీ అయిందని, పాత వరస మళ్లీ మొదలైందని, పలకలు డ్రెస్సరు పిల్లలు బడికి పట్టుకుపోయారని ఆ తరువాత విన్నాను. ఒళ్లు మండింది. మంచి డాక్టరు ఉన్నన్నాళ్లే బతికే కట్టుబాటు ఏం కట్టుబాటు? నాకేమీ వద్దు, చీముపుండ్లకు చివర కట్టాలన్నది అన్ని ఆస్పత్రులకూ ఆజ్ఞగా వేయండని పైవాళ్లకు అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టాను. కడకు వచ్చింది:

"అర్జీ పరిశీలింపబడినది. సదరు ఆస్పత్రిలో రోగులందరికిని వారి వారి అంతస్తు ననుసరించి, ఏ లోపమును లేక కట్లు కట్టబడుచున్నవి. అర్జీదారు పెద్దలకంటె ముందుగా తనకు కట్టు కట్టవలెనని కోరుట సమంజసము కాదు."