చదవని పుస్తకానికి నా సంతకం

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చాలా చిన్నది. ఎవరి ఆస్తీ పోలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. అందుకే ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కూర్మన్నపాలెంలో మా కాలనీవాళ్లు నడుపుకునే చిన్న గ్రంథాలయం ఉంది. ఏ పుస్తకం కొనాలన్నా ముందు ఒకరు చదివి, రిజిస్టరులో అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. తెలుగు మాస్టారిని కదా, ఆ ఒకరు ఎప్పుడూ నేనే.

ఆ రోజుల్లో ఏ పిల్లల నోట విన్నా ఒకటే కథ. మాయాలోకంలో చిక్కుకుపోయిన ఒక పిల్ల కథ, ఏడు భాగాలు. సంచుల మీద, చొక్కాల మీద అవే బొమ్మలు. నాకు ఒళ్లు మండేది. నేను కూడా పిల్లల కథలు రాశాను లెండి. అవి మా గ్రంథాలయంలోనే ఒక అరలో ఉండేవి, దుమ్ము దులపడానికి తప్ప వాటిని ఎవరూ తీసేవారు కాదు. ఇంత హడావిడికి ఆ పుస్తకాలు తగునా అని పెద్దలు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే చదవాలిగా?

వన్ టౌన్ పుస్తకాల షాపతను చూడమని ఏడు భాగాలూ పంపాడు. రెండు వారాలు మంచం కింద ఉంచి, కట్ట విప్పకుండానే తిప్పి పంపాను. రిజిస్టరులో మాత్రం రాశాను: "ప్రచారమే తప్ప పస లేదు. కొననక్కర్లేదు."

మర్నాడు పైడితల్లి వచ్చింది. ఏడో తరగతి పిల్ల, తండ్రికి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని నాలుగు భాగాలు చదివింది. ఆ స్నేహితురాలు ఊరు విడిచి వెళ్లిపోయింది. మిగతా మూడింటికీ మేమే దిక్కు.

"ఏటి మేస్టారూ, ఆ పుస్తకాలు కొనరంట?"

"అందులో ఏమీ లేదమ్మా. ఊరికే గోల."

"మొత్తం సదివేసారా?"

"చదివాను."

వెళ్లబోతూ గుమ్మంలో వెనక్కి తిరిగింది. "అయితే ఒక్కటి సెప్పండి. ఆకర్న ఆ పిల్ల ఇంటికెల్లిపోద్దా?"

"వెళ్లిపోతుంది."

"అమ్మయ్య," అంది. నవ్వుతూ వెళ్లిపోయింది.

ఎందుకలా అన్నాను? చదవలేదమ్మా అంటే సరిపోయేది. నా పరువు ఆ పసిపిల్ల ముందు అంత ముఖ్యమా? అక్కసు అనే మాట పిల్లలకు అర్థం చెప్పి వల్లె వేయించినవాణ్ని, అది నాలోనే ఉందని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

పోయిన నెల ఇక ఉండబట్టలేక ఏడు భాగాలూ కొని చదివాను. మూడోది బాగా సాగింది. ఐదోదాంట్లో సగం తీసేయొచ్చు. అంత గొప్పా అంటే, చాలాచోట్ల కాదు. కానీ ఏడో భాగం చివర ఆ పిల్ల ఇంటికి వెళ్లదు. మిగతా పిల్లలు దాటేదాకా మాయాలోకం తలుపు పట్టుకుని ఒకరు లోపలే ఉండిపోవాలి. తనే ఉండిపోతుంది. ఈ వయసులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఒక్క అధ్యాయానికి ఎంత హడావిడైనా తగును.

పైడితల్లి వాళ్లు ఎప్పుడో ఇల్లు మారిపోయారు. ఎక్కడుందో తెలీదు. ఎప్పుడైనా చదివి ఉంటే, ఆ పేజీ దగ్గర మాస్టారు చదవలేదని తెలిసిపోయి ఉంటుంది. చదవకపోయి ఉంటే, నా మాట నమ్మి కథలో పిల్ల ఇల్లు చేరిందనే ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న గ్రంథాలయంలో పాత రిజిస్టరు తీయించాను. నా సంతకం కింద కాస్త ఖాళీ ఉంది. "ఇది చదవకుండా రాశాను" అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను. ఆ పేజీ ఇక ఎవరూ తెరవరు. అయినా సిరా ఆరేదాకా ఆగి రిజిస్టరు మూశాను.